కాగితం నాలుగుసార్లు ఎందుకు వెళ్లొస్తుంది? ఇంటి ఫొటో ప్రింటర్ లోపలి సంగతులు

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లినప్పుడు సంచిలో చిన్న ఫొటో ప్రింటర్ పెట్టుకెళ్లాను. భోగి మంట దగ్గర తీసిన ఫొటో ఫోన్‌లోంచి పంపించి, అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెల్ల కాగితం లోపలికి వెళ్లి బయటికొచ్చింది. అందులో మేమందరం లేత పసుపు రంగు నీడల్లా ఉన్నాం.

"ఏమిట్రా, అందరికీ పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి. పాడైపోయిందా?" అంటూ కాగితం లాగబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. కాగితం మళ్లీ లోపలికెళ్లింది. రెండోసారి వచ్చేసరికి అందరం ఎర్రగా, కాషాయం పూసినట్టు ఉన్నాం. మూడోసారికి కొబ్బరి చెట్ల పచ్చదనం, అమ్మమ్మ చీర నీలం అంచు, మంట, పొగ అన్నీ వచ్చేశాయి. "అయిపోయిందిగా" అంది. ఇంకోసారి వెళ్లొచ్చింది. ఈసారి రంగుల్లో తేడా ఏమీ కనిపించలేదు. కానీ అమ్మమ్మ వేలితో తడిమి, "నున్నగా ఉందే" అంది.

నిమిషం కూడా పట్టని ఆ నాలుగు ప్రయాణాల్లోనే ఈ యంత్రం సంగతంతా ఉంది. ప్రింటుకి ఎంత ఖర్చవుతుంది, ఎన్నేళ్లు ఉంటుంది, ఫోన్‌లో ఉన్నట్టు ఎందుకు రాదు, ఏ కంపెనీది కొనాలి అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కాగితం మీదికి రంగు ఎలా వస్తోందో తెలిస్తే వీటిలో చాలా ప్రశ్నలకి జవాబు మనకే దొరుకుతుంది. కంపెనీ పేరు చూసి కొంటే మాత్రం పొరపడతాం. ఎందుకో చెప్తాను.

కర్పూరం బిళ్ల లెక్క

నేను పట్టుకెళ్లింది డై సబ్లిమేషన్ రకం. కానన్ సెల్ఫీ సీపీ ప్రింటర్లన్నీ ఈ రకమే. ఇందులో సిరా సీసాలు ఉండవు. ఒక క్యాసెట్, అందులో చుట్టిన సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్ ఉంటాయి. రిబ్బన్ మీద ఒక్కో ఫొటోకి నాలుగు గడులు వరసగా ఉంటాయి: పసుపు, మెజెంటా అనే ముదురు గులాబీ, సయాన్ అనే లేత నీలం, చివర రంగులేని ఒక గడి. ప్రింట్ హెడ్ అంటే కాగితం అడ్డంగా వరసగా పేర్చిన బుల్లి హీటర్లు. అంగుళానికి 300 చొప్పున, 10 సెంటీమీటర్ల వెడల్పుకి దాదాపు 1,200 ఉంటాయి. ఏ చుక్క దగ్గర ఎంత రంగు కావాలో, ఆ హీటర్ అంత వేడెక్కుతుంది. ఆ వేడికి రిబ్బన్‌లోని రంగు కాగితం మీది పూతలోకి వెళ్తుంది.

దేవుడి దగ్గర కర్పూరం బిళ్ల విప్పి పెట్టి మర్చిపోతే రెండు రోజులకి చిక్కిపోతుంది. కరిగిన తడి ఎక్కడా కనిపించదు. గట్టి పదార్థం ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరి కావడాన్ని స్కూల్లో ఉత్పతనం అని చదువుకున్నాం. సబ్లిమేషన్ అంటే అదే. నిజానికి ఈ ప్రింటర్‌లో రంగు ఆవిరై ఎగరడం కంటే, వేడికి ఒక పొరలోంచి ఇంకో పొరలోకి ఇంకడమే ఎక్కువగా జరుగుతుంది. కానీ పాత పేరే స్థిరపడిపోయింది.

హెడ్ ఒక్కటే కాబట్టి ఒకసారికి ఒక్క రంగే వేయగలదు. అందుకే కాగితం వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. నాలుగోసారి ఎక్కేది రంగు కాదు, ఒక పారదర్శకమైన పొర. అమ్మమ్మ వేలికి నున్నగా తగిలింది అదే. నీటి చుక్క పడినా, వేలిముద్ర పడినా తుడుచుకునే వీలు ఆ పొర వల్లే ఉంటుంది. కాగితం తిరిగేటప్పుడు ప్రింటర్ వెనక నుంచి కూడా బయటికొస్తుంది. గోడకి ఆనించి పెడితే అక్కడ తగులుకుని ఇరుక్కుంటుంది. వెనక ఒక కాగితం పట్టేంత ఖాళీ వదలండి.

ఇక్కడే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. షాపులో ఇంక్‌జెట్ (సిరా చుక్కల్ని చిమ్మే) ప్రింటర్ డబ్బా మీద 4800, 5760 లాంటి డీపీఐ అంకెలు, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పేవి, కనిపిస్తాయి. దీని మీద 300 అనే ఉంటుంది. అది చూసి నాసిరకం అనుకునేవాళ్లు చాలామంది. ఇంక్‌జెట్ చుక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. లేత రంగు చూపించాలంటే చుక్కల్ని దూరం దూరంగా వెయ్యాలి. అందుకే దానికి అన్ని చుక్కలు కావాలి. డై సబ్లిమేషన్, ముద్దుగా డై సబ్‌లో ఒక్కో చుక్కలో ఒక్కో రంగు 256 మెట్లలో పలుచబడగలదు. మూడు రంగులు కలిస్తే 1.67 కోట్ల ఛాయలు. పసిపాప బుగ్గ మీద వెలుగు నీడలోకి జారే చోట ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. భూతద్దం పెట్టి చూసినా చుక్కలు విడిగా కనిపించవు.

ఒక లోటు కూడా చెప్పాలి. ఈ రిబ్బన్‌లో నలుపు లేదు. మూడు రంగులూ కలిసి నలుపుని చూపించాలి. మా తాతయ్యది పాత నలుపు తెలుపు ఫొటోని ఫోన్‌తో తీసి ప్రింట్ చేస్తే, ఆయన కోటు లేత ఊదా ఛాయతో వచ్చింది. అమ్మమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. ఆమె మాటే సరైనది. ఆ ఫొటోని మంచి ల్యాబ్‌లో చేయించాలి.

పేరు ఒకటే, లోపల వేరు

అరచేతిలో పట్టే ప్రింటర్లలో ఎక్కువ భాగం జింక్ రకం. జింక్ అంటే లోహం కాదు, సిరా లేదు అని చెప్పే ఇంగ్లిష్ మాటల కుదింపు. పోలరాయిడ్‌లో పుట్టిన ఈ పద్ధతి 2005లో వేరే కంపెనీగా బయటికొచ్చింది. ఆర్టీసీ కండక్టర్ మిషన్‌లోంచి కొట్టి ఇచ్చే టికెట్ గుర్తుంది కదా. అందులోనూ సిరా ఉండదు, వేడి తగిలిన చోట కాగితమే నల్లబడుతుంది. జింక్ దానికి రంగుల తోబుట్టువు. కాగితంలోనే మూడు పొరలుగా రంగులేని స్ఫటికాలు ఉంటాయి. పైన పసుపు, మధ్యలో మెజెంటా, అడుగున సయాన్. పై పొరకి ఎక్కువ వేడి, చాలా తక్కువ సేపు కావాలి. అడుగు పొరకి తక్కువ వేడి, ఎక్కువ సేపు కావాలి. ఏ చుక్క దగ్గర ఎంత వేడి ఎంతసేపు అన్న లెక్కతో, ఒక్క ప్రయాణంలోనే బొమ్మ వచ్చేస్తుంది. కాగితం మినహా ఇంకేమీ కొనక్కర్లేదు. వెనక తొక్క తీసి అతికించుకోవచ్చు. పిల్లల నోటు పుస్తకాలకి, ఫ్రిజ్ మీదకి భలే ఉంటుంది. కానీ మన ఒంటి రంగుల్ని డై సబ్ చూపించినంత నిజంగా చూపించదు. ఫొటో సైజు కూడా సాధారణంగా 2x3 అంగుళాలే.

మూడోది ఫుజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్. పేరుకి ప్రింటరే గానీ చేసేది ప్రింటింగ్ కాదు. లోపల ఉన్నది నిజమైన ఫిల్ము. ఫోన్ పంపిన బొమ్మని వెలుగుగా మార్చి ఫిల్ము మీద పడేలా చేస్తుంది. ఫిల్ము రోలర్ల మధ్య నుంచి బయటికొచ్చేటప్పుడు అంచున ఉన్న రసాయనం సంచి చిట్లి లోపల పరుచుకుంటుంది. తెల్లటి చట్రం మధ్యలో బొమ్మ మెల్లగా తేలుతుంది. మినీ సైజులో బొమ్మ 62x46 మిల్లీమీటర్లు, ప్యాక్‌కి 10. ఊపితే త్వరగా వస్తుందని చాలామంది విసురుతుంటారు. అవసరం లేదు, ఒక చోట పెట్టి వదిలేస్తే చాలు. మెత్తటి రంగులు, కాస్త పాతకాలపు ఛాయ. అది నచ్చేవాళ్లకి ఇంకేదీ నచ్చదు. వివరాలు కనపడాలి, పది మంది ముఖాలు పోల్చుకోవాలి అంటే ఇది పనికిరాదు.

ఇప్పుడు కంపెనీ పేర్ల సంగతి. కానన్ సెల్ఫీ డై సబ్, అదే కానన్ వాళ్ల ఐవీ జింక్. హెచ్‌పీ స్ప్రాకెట్ జింక్, హెచ్‌పీ స్ప్రాకెట్ స్టూడియో డై సబ్. కొడాక్ స్టెప్ జింక్, కొడాక్ మినీ 2 రెట్రో డై సబ్. స్నేహితుడి ఇంట్లో చూసి, అదే కంపెనీది కొని, వచ్చిన ఫొటో చూసి ఉసూరుమనేవాళ్ల కథ ఇదే. డబ్బా తిప్పి, దానికి విడిగా ఏం కొనాలో చూడండి. కాగితంతో పాటు క్యాసెట్ లేదా కార్ట్రిడ్జ్ ఉంటే డై సబ్. కాగితం ఒక్కటే అయితే జింక్. ఫిల్మ్ అని ఉంటే ఇన్‌స్టాక్స్.

ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు నిగనిగలాడే ఫొటో కాగితం కొని, సెట్టింగుల్లో ఆ కాగితం రకం ఎంచుకుని ప్రింట్ తీసి చూడండి. చాలా బాగా రావచ్చు, ఖర్చూ తక్కువ. ఒక్కటే ఇబ్బంది. నెలల తరబడి వాడకపోతే సిరా చిమ్మే సన్నటి రంధ్రాల్లో (నాజిల్స్) అది ఎండిపోతుంది. అది శుభ్రం చేయడానికి మళ్లీ సిరానే ఖర్చవుతుంది. డై సబ్ రిబ్బన్‌లో ఎండేందుకు ద్రవమే లేదు. ఆరు నెలలు అల్మరాలో పడుకుని, పండగనాడు లేచినా మొదటి ఫొటో బాగానే వస్తుంది. నా లాంటి అప్పుడప్పుడు వాడేవాళ్లు దాన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే.

ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది

ప్రింటర్ ధర ఒక్కసారే. అసలు ఖర్చు కాగితం, రిబ్బన్ సెట్టుది. ఆ సెట్టు ధరని అందులోని కాగితాల సంఖ్యతో భాగిస్తే మీ ఒక్క ఫొటో ఖరీదు తేలుతుంది. ఇంక్‌జెట్‌లో ఇంత సులభంగా తేలదు, ఎందుకంటే బొమ్మ ఎంత ముదురుగా ఉంటే అంత సిరా తాగుతుంది. డై సబ్‌లో మంచు కొండ ఫొటో వేసినా, అమావాస్య రాత్రి ఫొటో వేసినా నాలుగు గడులు ఖర్చవుతాయి. మిగిలిన రంగుని మళ్లీ వాడలేం. కానన్ సెల్ఫీ ప్రింటర్‌కి వచ్చే కేపీ 108 సెట్టులో 108 కాగితాలు, ఒక్కోటి 36 ఫొటోలకి సరిపడే మూడు క్యాసెట్లు ఉంటాయి. ఆర్‌పీ 108లో 54 ఫొటోల క్యాసెట్లు రెండు. కాగితం, రిబ్బన్ జోడుగా లెక్కపెట్టి ఇస్తారు. ఒక కాగితం దుమ్ము పడిందని పారేస్తే చివర్లో ఒక ఫొటోకి సరిపడే రిబ్బన్ మిగిలిపోతుంది, దానికి కాగితం ఉండదు.

ఈ లెక్క చేస్తే, పెళ్లి ఫొటోలు 300 ఇంట్లో ప్రింట్ చేయడం దండగని మీకే తెలుస్తుంది. అవి ల్యాబ్‌కి పంపండి. ఊరెళ్లే పెద్దమ్మ చేతిలో ఆ సాయంత్రమే నాలుగు ఫొటోలు పెట్టాలంటే ఇంటి ప్రింటర్‌కి పోటీ లేదు.

ఇంకో చోట కూడా డబ్బు కలిసొస్తుంది, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. మన దరఖాస్తులకి తరచు అడిగే 35x45 మిల్లీమీటర్ల ఫొటోలు 100x148 మిల్లీమీటర్ల పోస్ట్‌కార్డ్ కాగితం మీద ఎనిమిది పడతాయి. అమెరికా వీసాకి కావలసింది 51x51 మిల్లీమీటర్లు. తెల్లటి వెనకభాగం, తల ఎత్తు 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య, ఫొటో తీసి ఆరు నెలలు దాటకూడదు. 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా ఒప్పుకోవడం లేదు. ఫోన్ కెమెరాలో ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్ తీసేసి తీయండి. కత్తిరించే ముందు స్కేలు పెట్టి కొలవండి. యాప్‌లో సైజు సరిగ్గా ఎంచుకున్నా, 'పేజీకి సరిపోయేలా' అన్న ఆప్షన్ ఆన్ అయి ఉంటే ప్రింట్‌లో రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చేస్తుంది.

ఫోన్‌లో బాగుంది, కాగితం మీద బాలేదు

మా మొదటి గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ చిన్న మావయ్య సగం మాయమయ్యాడు. ప్రింటర్ తప్పు కాదు, కొలతల గొడవ. ఫోన్ కెమెరా మామూలుగా 4:3 నిష్పత్తిలో తీస్తుంది. పోస్ట్‌కార్డ్ కాగితం 3:2కి దగ్గర. అంచులు లేకుండా కాగితం నిండా రావాలంటే ఎక్కడో ఒక చోట కొయ్యాలి. నిలువుగా తీసిన ఫొటోలో వెడల్పు దాదాపు పదో వంతు పోతుంది, అంటే అటూ ఇటూ నిలబడ్డవాళ్లు పోతారు. అడ్డంగా తీస్తే పైనా కిందా పోతుంది. 16:9లో తీసిన స్టేటస్ ఫొటోలైతే పొడవులో ఆరో వంతు పోతుంది. అందుకే ప్రింట్ బటన్ నొక్కే ముందు యాప్‌లో చట్రాన్ని వేలితో జరిపి చూసుకోండి. ఎవరూ పోకూడదనుకుంటే తెల్ల అంచు ఉండే పద్ధతి ఎంచుకోండి. పండగ ఫొటోలు తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలడం ఇంకా మంచిది. మావయ్యకి రెండో ప్రింట్ తెల్ల అంచుతో తీసిచ్చాను.

రెండో ఫిర్యాదు, ఫొటో నల్లగా వచ్చింది అని. ఫోన్ తెర తనే వెలుగుతుంది. కాగితం గదిలో ఉన్న వెలుగునే వెనక్కి పంపగలదు. బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టి ఫొటో చూసుకుని, అదే వెలుగు కాగితం మీద కావాలంటే కుదరదు. ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి, నీడలో ఉన్న ముఖాలు అప్పుడు ఎలా ఉంటే ప్రింట్‌లో దాదాపు అలా ఉంటాయి. దాన్ని చూస్తూ ఎడిటర్‌లో నీడల్ని కొంచెం ఎత్తండి. చామనఛాయ ముఖాలకి ఇది మరీ అవసరం.

ఇక పిక్సెళ్లు. ఈ కాగితానికి సుమారు 1,200 ఇంటూ 1,750 పిక్సెళ్లు ఉంటే చాలు. మీ ఫోన్‌లో తీసిన ఫొటోకి అంతకంటే ఎన్నో రెట్లు ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో బాగా కుదించుకుపోతుంది. చీర నేత, జడలో మల్లెలు లాంటి సన్నటి చోట్ల అది బయటపడుతుంది. బంధువుల నుంచి ఫొటో కావాలంటే హెచ్‌డీలో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపమనండి. స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ చేయడం మాత్రం వద్దు.

కనెక్ట్ కావడం లేదని టెన్షన్ పడేవాళ్లకి ఒక్క మాట. ఈ ప్రింటర్లలో కొన్ని తమ సొంత వైఫై సిగ్నల్ ఇస్తాయి. అందులో ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ అది గమనించి, మనకి చెప్పకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

ఎండ, దుమ్ము, ప్లాస్టిక్

వేడితో పనిచేసే యంత్రానికి మన ఎండాకాలం పెద్ద పరీక్ష. వాడే గది 40 డిగ్రీలు దాటకూడదని మాన్యువల్‌లో ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసిందే. వరసగా పది ఫొటోలు కొడితే మధ్యలో ఆగిపోయి హెడ్ చల్లారేదాకా కూర్చుంటుంది. అది పాడైపోవడం కాదు, ఆపి మళ్లీ ఆన్ చేయకండి, దాని మానాన దాన్ని వదిలేయండి. జింక్ కాగితాల్ని మాత్రం ఎండలో ఆపిన కారులో వదలకూడదు, వాటికి వేడే సిరా.

ఫొటో మీద తెల్లటి చుక్క కనిపిస్తే అది దుమ్ము రేణువు కూర్చున్న చోటు. అక్కడ రంగు కాగితాన్ని చేరలేదు. కాగితం ట్రేని ప్రింటర్‌కి తగిలించి వదిలేయకుండా, పని కాగానే తీసి మూతపెట్టి సంచిలో పెట్టుకోవాలి. కాగితాల్ని అంచులు పట్టుకునే ఎక్కించాలి. నిగనిగలాడే వైపు వేలు తగిలితే ఆ జిడ్డు కూడా ఫొటోలోకి వస్తుంది.

సెల్ఫీ ప్రింటర్ తీసిన ఫొటో ఆల్బంలో 100 ఏళ్లు ఉంటుందని కానన్ చెప్తుంది. అది పరీక్షల మీద కట్టిన అంచనా, అదీ ఆల్బంలో దాచితే. కిటికీ ఎదురుగా గోడకి పెట్టిన ఫొటోకి ఆ లెక్క వర్తించదు. ఎక్కువ మంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. మెత్తటి పీవీసీ కవర్లున్న చౌక ఆల్బంలో పెడతారు. వేడికి కాగితంలోకి దిగిన రంగు, ఆ ప్లాస్టిక్‌లోకి కూడా మెల్లగా పాకగలదు. పాలీప్రొపిలీన్ కవర్లున్నవి, లేదా కాగితం పేజీల ఆల్బం వాడండి. ముందువైపు సెలోటేప్ అంటించవద్దు, శానిటైజర్ చేత్తో ముట్టుకోవద్దు. ఫ్రేము కట్టిస్తే ఫొటోకీ అద్దానికీ మధ్య అట్ట అంచు పెట్టించండి, లేకపోతే మన కోస్తా గాలి చెమ్మకి అద్దానికి అతుక్కుంటుంది.

చివరిగా, ఖాళీ అయిన రిబ్బన్ గురించి. ఆ రోజు రాత్రి 36 ఫొటోలూ అయ్యాక క్యాసెట్ పారేయబోతుంటే అమ్మమ్మ అడిగి తీసుకుంది. రిబ్బన్ బయటికి లాగి ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుంది. రంగు వెళ్లిపోయిన చోట ఖాళీ, మిగిలిన చోట రంగు. ప్రతి ఫొటో పసుపులో ఒకసారి, గులాబీలో ఒకసారి, నీలంలో ఒకసారి, వెలుగు నీడలు తారుమారై అందులో అచ్చుపడి ఉంది. "నెగెటివే కదరా ఇది" అంది. పెళ్లైన కొత్తలో స్టూడియో వాళ్లిచ్చిన గోధుమరంగు కవరు, అందులో నెగెటివ్‌ల ముక్కలు ఆమెకి ఇంకా గుర్తున్నాయి.

ఆమె అన్నది నిజం. వాడేసిన రిబ్బన్ చేతికి దొరికినవాళ్లు దాన్ని స్కాన్ చేసి, రంగులు తిరగేసి, మనం తీసిన ప్రతి ఫొటోనీ చూడొచ్చు. వీసా ఫొటోలు, ఆధార్ కార్డు కాపీ, పిల్లల ఫొటోలు, ఏది ప్రింట్ చేస్తే అది అందులో ఉంటుంది. అలాగే చెత్తబుట్టలో వేయకూడదు. కత్తెర తెచ్చి, అమ్మమ్మ పట్టుకుని ఉంటే నేను అంగుళం అంగుళం కత్తిరించాను. మధ్యలో ఒక చోట ఆపమంది. భోగి మంట గడి అది, పసుపుది. ఆ ముక్క మాత్రం ఇవ్వమని తీసుకుని, తన విష్ణుసహస్రనామం పుస్తకంలో పెట్టుకుంది.